ఫుల్ స్కాలర్‌షిప్‌కి మార్కులు సరే, రాయడానికి ఏముంది?

(బెంగళూరు స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: బ్రిటన్‌లో మాస్టర్స్ చదవడానికి ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ పొందిన యువతి, డిగ్రీ కాలేజీ లెక్చరర్, కె.ఆర్.పురంలో టిఫిన్ సెంటర్ నడిపే ఒక తండ్రి.)

యాంకర్: ముందు మీతోనే మొదలుపెడదామండీ. మీ అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం కదా?

తండ్రి: అవునండీ, బీఎస్సీ. మాది మదనపల్లె. ఇక్కడికొచ్చి పదహారేళ్లయింది. పిల్ల ఫారిన్‌లో చదువుతానంటోంది. అంత లోను తీసుకునే ధైర్యం నాకు లేదు. ఎవరో కన్సల్టెన్సీ వాళ్లు, స్కాలర్‌షిప్ వ్యాసాలు మేమే రాసిస్తాం, యాభై వేలు కట్టండి అన్నారు. కట్టమంటారా?

స్కాలర్: వద్దు అంకుల్. చెవెనింగ్‌కి అప్లై చేయడానికి రూపాయి ఫీజు లేదు. వస్తే ట్యూషన్ ఫీజు, నెలనెలా స్టైపెండ్, రానూపోనూ విమానం టికెట్, అన్నీ అందులోనే. పైగా ఎవరో రాసిచ్చిన దాని మీద ఇంటర్వ్యూలో జవాబు చెప్పాల్సింది మీ అమ్మాయే. రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

యాంకర్: మీకు మొదటిసారి రాలేదన్నారు.

స్కాలర్: రాలేదు. అప్లికేషన్‌లో నాయకత్వం గురించి వ్యాసం రాయమంటే, స్కూల్లో క్లాస్ లీడర్‌ని, చిన్నప్పటి నుంచీ నాయకత్వ లక్షణాలున్నాయి అని రాశాను. నిజానికి నాకు రాయడానికి ఏమీ కనిపించలేదు. ఇంటర్ రెండేళ్లూ హాస్టలు, స్టడీ అవర్లు, వీకెండ్ టెస్టులు. తర్వాత ఇంజినీరింగు, ఉద్యోగం. రెండోసారి మా పీజీ గురించి, అంటే నేనున్న పేయింగ్ గెస్ట్ హాస్టల్ గురించి రాశాను. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయాయి కదా. మారతహళ్లిలో మా పీజీలో అరవై మందిమి. ట్యాంకర్ పొద్దున ఆరింటికి వస్తే తొమ్మిదికల్లా నీళ్లు ఖాళీ. నైట్ షిఫ్ట్ చేసి పదింటికొచ్చే అమ్మాయిలకి ముఖం కడుక్కోవడానికి కూడా ఉండేవి కావు. అంతస్తుల వారీగా టైములు రాసి సంపు పక్కన గోడకి అంటించాను. రెండో రోజే ఎవరో చింపేశారు. కోపం వచ్చింది. తర్వాత గది గదికీ వెళ్లి అడిగితే తెలిసింది, పై అంతస్తుకి నీళ్లెక్కేసరికే వాళ్ల టైము అయిపోతోందని. అందరం కూర్చుని మార్చి రాశాం. ఆ కాగితం వానలు పడేదాకా గోడ మీదే ఉంది.

లెక్చరర్: చింపేసిన సంగతి కూడా రాశావా?

స్కాలర్: రాశాను మేడమ్. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు దాని గురించే అడిగారు.

లెక్చరర్: పిల్లలు సరిగ్గా దాన్నే దాచేస్తారు. మాదీ తప్పుంది. సిఫారసు లెటర్ అడిగితే, నువ్వే రాసుకురా, సంతకం పెడతాను అంటాం. నేనూ ఎన్నో ఏళ్లు అలాగే పెట్టాను. ఒకే కాలేజీ నుంచి అయిదు లెటర్లు ఒకే మూసలో వెళ్తే చదివేవాళ్లకి తెలియదా? ఇప్పుడు నెలన్నర ముందే ఒక పేజీ రాసి తెమ్మంటున్నాను. నా క్లాసులో ఏ ప్రాక్టికల్ పాడైంది, మళ్లీ ఎలా చేశావు అన్నవి అందులో ఉండాలి. అవి చూస్తే నాకే ఆ పిల్ల గుర్తొస్తుంది, అప్పుడు లెటర్ నేనే రాస్తాను.

తండ్రి: మా పిల్ల ఇప్పుడే పెట్టొచ్చా?

స్కాలర్: చెవెనింగ్‌కి ఇప్పుడే కుదరదు. 2,800 గంటల పని అనుభవం కావాలి, అంటే దాదాపు రెండేళ్లు. పార్ట్‌టైమ్ కూడా లెక్కేస్తారు. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి.

లెక్చరర్: ఫారిన్ ఒక్కటే ఎందుకు? సర్జాపుర దగ్గరే అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఉంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి పూర్తి సాయం కూడా దొరుకుతుంది. ఫారినే కావాలంటే, ఎస్సీ కుటుంబాలకీ, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకీ కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏటా మొత్తం 125 మందికి ఇస్తారు, ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఏదైనా సరే, కాగితాలు ముందే చూసుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. మన తెలుగు పిల్లలందరికీ ఉన్న తంటా ఇది. ఆఖరి వారంలో చూసుకుని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

తండ్రి: మాకూ అలాగే ఉందండీ, సరిచేయిస్తాను. ఇంకో మాట అడుగుతాను. కొట్టు లెక్కలన్నీ రాత్రిపూట మా పిల్లే రాస్తుంది. ఎంత పిండి మిగిలిందో చూసి, మర్నాటికి ఎంత నానబెట్టాలో చెబుతుంది. ఇలాంటిది రాయొచ్చా?

స్కాలర్: ఎప్పటినుంచి రాస్తోంది అంకుల్?

తండ్రి: తొమ్మిదో తరగతి నుంచి.

స్కాలర్: అంతకుముందు పిండి పారబోసేవారా?

తండ్రి: దాదాపు రోజూ ఒక బకెట్టు. ఇప్పుడు ఆదివారం తప్ప మిగలదమ్మా. శనివారం రాత్రి అంచనా వేయడం ఇంకా కుదరడం లేదంటుంది.

స్కాలర్: పాత లెక్కల పుస్తకాలు ఉన్నాయా?

తండ్రి: ఉన్నాయి, అటక మీద.

స్కాలర్: ఇవాళే దించమనండి.