మెగ్నీషియం మాత్ర కొనేముందు స్ట్రిప్ వెనక్కి తిప్పండి

నమస్కారం. మందుల షాపు కౌంటర్ వెనక నిలబడే నన్ను ఈమధ్య వారానికి ఒకరైనా అడుగుతున్న మాట ఇది: "బాబూ, గుండె దడకి మెగ్నీషియం మంచిదంట కదా, అది వేసుకుంటే ఈ రక్తం పలచబడే మాత్ర మానేయొచ్చా?"

మానొద్దండీ. ముందు ఆ ముక్క చెప్పేస్తున్నాను. ఎందుకో వివరంగా చెప్తాను.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అదే ఏఎఫ్ ఉన్నవాళ్ళ గురించి మాట్లాడుతున్నాను. మీ ఊరి చెరువును ఒకసారి తలచుకోండి. నీళ్ళు కదులుతున్నంతసేపు బాగుంటాయి. ఏదో ఒక మూల కదలకుండా నిలిచాయంటే అక్కడ పాచి పడుతుంది. ఏఎఫ్‌లో గుండె పైగదులు సరిగా ముడుచుకోవు, ఊరికే వణుకుతుంటాయి. ఎడమ పైగదికి పక్కన చిన్న సంచిలాంటి మూల ఒకటుంది. ఎక్కువగా అక్కడే రక్తం నిలిచి గడ్డ కడుతుంది. అది కదిలి మెదడుకి చేరితే పక్షవాతం. ఎసిట్రామ్, వార్ఫరిన్, ఎపిక్సాబాన్, రివరాక్సాబాన్, డాబిగాట్రాన్, ఇవన్నీ ఆ పాచి పట్టకుండా, అంటే గడ్డ కట్టకుండా చూసే మందులు.

మరి మెగ్నీషియం? తెలంగాణ పల్లెల్లో చెరువు తూము తీసి మూసే మనిషిని నీరటి అంటారు. మెగ్నీషియం ఆ నీరటి. గుండె కణాల్లోకి పొటాషియం, కాల్షియం ఎంత వెళ్ళాలి, ఎంత రావాలి అన్నది చూసుకుంటుంది. అది తగ్గితే మూత్రంలో పొటాషియం కారిపోతుంది. పొటాషియం సిరప్ ఎంత తాగించినా నిలవదు, లయ తప్పుతుంది. నీరటి వచ్చి తూము సర్దినంత మాత్రాన మూలనున్న పాచి పోదు కదా! ఇంకోటి, మీకు తెలియకుండానే ఏఎఫ్ వచ్చిపోతుంటుంది. దడ తెలియడం లేదంటే గడ్డ భయం పోయిందని కాదు. వయసు, బీపీ, షుగరు, ఇంతకుముందు పక్షవాతం వచ్చిందా, ఇవన్నీ లెక్కేసి డాక్టరు ఆ మాత్ర రాస్తారు.

నీరటి నిజంగానే కరువయ్యేది ఎవరికంటే, ఒంట్లో నీరు తగ్గడానికి ఫ్యూరోసెమైడ్ వాడేవాళ్ళకి, ఏళ్ళ తరబడి గ్యాస్ కోసం పాంటోప్రజోల్ మింగేవాళ్ళకి, మద్యం ఎక్కువ తాగేవాళ్ళకి. వీళ్ళకి మెగ్నీషియం సరిచేయడం అవసరమే. సరిపడా ఉన్నవాళ్ళు పైనుంచి మాత్ర వేసుకుంటే ఏఎఫ్ ఆగుతుందనడానికి గట్టి రుజువు లేదు. ఆసుపత్రిలో సెలైన్‌లో ఎక్కించే మెగ్నీషియం సంగతి వేరు, దాన్ని చూసి మాత్రని నమ్మకండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నాను.

[కెమెరాకి దగ్గరగా స్ట్రిప్ పట్టుకుని]

మా కౌంటర్ దగ్గరికి వచ్చే ఒకావిడకి గుండె కవాటం చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్ల పాడైంది. ఎసిట్రామ్ వాడుతున్నారు. ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష అంకె, ఎప్పుడూ రెండుకీ మూడుకీ మధ్య ఉండేది. ఉన్నట్టుండి 1.4కి పడింది. "ఏమీ మార్చలేదు బాబూ" అన్నారు. సంచిలోంచి ఒక్కొక్కటే తీయమన్నాను. ఇలాంటి మాత్రే బయటికి వచ్చింది. ముందువైపు పెద్ద అక్షరాల్లో కాల్షియం, మెగ్నీషియం. వెనక్కి తిప్పి లైటు కింద పెట్టి చదివితే, మూడో వరుస చివర చీమ తలకాయంత అక్షరాల్లో: విటమిన్ కె2-7.

గడ్డకట్టే పదార్థాలు తయారుచేయడానికి కాలేయానికి విటమిన్ కె కావాలి. ఎసిట్రామ్, వార్ఫరిన్ పని ఆ కె ని పనికి రాకుండా ఆపడమే. ఒకపక్క పాచి తీయిస్తూ, ఇంకోపక్క అదే చెరువులో ఎరువు బస్తా విప్పినట్టు! పైగా ఈ కె2-7 రక్తంలో రోజుల తరబడి నిలిచి ఉంటుంది, కొంచెమైనా చాలు. ఎముకలకని అమ్మే మాత్రల్లో మెగ్నీషియంతో పాటు ఇది చాలా మామూలుగా కలుస్తోంది. అంత చిన్న అక్షరాల్లో అచ్చువేయడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. మెగ్నీషియం మీద నేరం మోపుతున్నాం గానీ, దానికీ వార్ఫరిన్‌కీ చెప్పుకోదగ్గ గొడవ లేదు. గొడవంతా పక్కన కూర్చున్న కె తో.

ఎపిక్సాబాన్, రివరాక్సాబాన్, డాబిగాట్రాన్‌లకి కె తో పేచీ లేదు. అలాగని ఎసిట్రామ్ వాళ్ళు సొంతంగా వాటికి మారకండి. కీళ్ళజ్వరంతో కవాటాలు దెబ్బతిన్న ఏఎఫ్ వాళ్ళలో రివరాక్సాబాన్ కంటే వార్ఫరిన్ జాతి మందులే (ఎసిట్రామ్ కూడా ఆ జాతిదే) మేలు చేశాయని 2022లో ఇన్విక్టస్ పరిశోధన తేల్చింది.

తిండితో తెచ్చుకుందామా? ఆకుకూరల పచ్చదనం పత్రహరితం, దాని నడిమధ్య ఉండేదే మెగ్నీషియం. నాకు ఎప్పుడూ అబ్బురంగా ఉంటుంది. కానీ ఆ ఆకులోనే విటమిన్ కె కూడా ఉంటుంది. ఎసిట్రామ్ వాళ్ళు తోటకూర, పాలకూర మానక్కర్లేదు, వారం వారం ఒకే తీరుగా తినండి. మునగాకు పొడి రోజూ రెండు చెంచాలు అంటూ హఠాత్తుగా మొదలుపెట్టకండి. గుమ్మడి గింజలు, నువ్వులు, రాగులు నయం. గుప్పెడు, అంటే 30 గ్రాముల గుమ్మడి గింజల్లో సుమారు 150 మి.గ్రా. మెగ్నీషియం ఉంటుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఒక్క మెగ్నీషియమే ఉన్న మాత్ర కొనండి. "ఎలిమెంటల్" అని రాసిన అంకె చూడండి, అసలు మెగ్నీషియం ఎంతో చెప్పేది అదే. మెగ్నీషియం గ్లైసినేట్ 1000 మి.గ్రా. అంటే అందులో మెగ్నీషియం సుమారు 140 మాత్రమే. ఆక్సైడ్‌లో బరువుకి అరవై శాతం ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ, కడుపు జారుతుంది. గ్లైసినేట్, సిట్రేట్ మెరుగు, సిట్రేట్‌తో కూడా కొందరికి విరేచనాలవుతాయి. విరేచనాలైతే పొటాషియం పోతుంది, ఐఎన్ఆర్ కూడా తప్పుతుంది. మాత్రలుగా రోజుకి 350 మి.గ్రా. దాటొద్దని అమెరికా ప్రమాణం.

కిడ్నీలు చెరువుకి అలుగు లాంటివి. ఎక్కువైన మెగ్నీషియం అటే పోవాలి. అలుగు పూడితే కట్టకే ముప్పు. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకండి.

థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటల ఎడం. గుండె మందు డిగాక్సిన్ వాడితే ఎడం ఎంతో డాక్టరుని అడగండి. ఎసిట్రామ్ వాళ్ళు ఏ కొత్త మాత్ర మొదలుపెట్టినా వారం పది రోజుల్లో ఐఎన్ఆర్ చూపించుకోండి.

ఇప్పటికే రక్తం పలచబడే మాత్ర ఆపేసినవాళ్ళు ఈ వీడియో పక్కన పెట్టి, ఇవాళే మీ డాక్టరుకి ఫోన్ చేయండి. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి.