మేక కళ్లు, అంతఃపురం పద్దులు

అందరికీ నమస్కారం.

రాజాస్థానం నేపథ్యంగా ఫాంటసీ నవల మొదలుపెట్టే కుర్రకారు మొదటి పేజీలోనే సింహాసనం, వింజామరలు, వందిమాగధులు అన్నీ దించేస్తారు. ఆ రాజుకు మాత్రం చెమట పట్టదు. మంత్రాలు ఎక్కడ తేలిపోతాయంటే, అక్కడే.

కృష్ణదేవరాయల్నే తీసుకోండి. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆయన్ను దగ్గర్నుంచి చూశాడు. మధ్యరకం ఎత్తు, కాస్త ఒళ్లు, మొహం మీద మశూచి మచ్చలు. తెల్లవారకముందే పెద్ద గ్లాసెడు నువ్వుల నూనె తాగేవాడట. ఒళ్లంతా అదే నూనె పట్టించి, గోచీ బిగించి, మట్టితో చేసిన బరువులెత్తి, తాగిన నూనె చెమటగా కారేదాకా కత్తి తిప్పి, ఆపైన మల్లుడితో కుస్తీ. అప్పటికీ తెల్లారదు, గుర్రమెక్కి మైదానంలో దౌడు! ఈ రాజు ముందు ఓ మాంత్రికుణ్ణి నిలబెట్టండి, పాఠకుడు నమ్ముతాడు. సినిమా రాయల ముందు నిలబెడితే సెట్టింగే కనిపిస్తుంది.

న్యూనిజ్ మరో పోర్చుగీసువాడు, గుర్రాల వ్యాపారి. రాయలు పోయాక, 1535 ప్రాంతంలో, జనం చెప్పుకునేవి రాసిపెట్టాడు. కృష్ణరాయల అన్న, అప్పటి రాజు వీరనరసింహరాయలు మంచాన పడి, ఎనిమిదేళ్ల కొడుక్కి పట్టం కట్టాలని, తమ్ముడి కళ్లు పీకించమన్నాడట. మంత్రి తిమ్మరుసు ఆ తమ్ముణ్ణి గుర్రపుశాలలోకి తీసుకెళ్లి సంగతి చెప్పాడు. నాకు రాజ్యం వద్దు, జోగినై పోతాను అన్నాడట కృష్ణరాయలు. మంత్రి ఓ మేక కళ్లు తెచ్చి రాజుకు చూపించాడు. ఇది నిజమా అంటే, చరిత్రకారులకే అనుమానం. మనకు ఆ అనుమానమే పెట్టుబడి. ఆ కళ్లు తర్వాత ఏమయ్యాయి? చూపు పోకుండా అలాగే ఉండి ఎవరినో చూస్తున్నాయనుకోండి. నవల అక్కడ పుడుతుంది.

మరి కథ చెప్పేదెవరు? దయచేసి రాజకుమారి వద్దు. అంతఃపురంలో కుస్తీ పట్టే ఆడవాళ్లు, జోస్యం చెప్పేవాళ్లు, కావలి కాసేవాళ్లు, లోపలి ఖర్చులన్నీ రాసే ఆడవాళ్లు కూడా ఉండేవారని న్యూనిజే రాశాడు. నా ఓటు ఆ లెక్కలు రాసే మనిషికి. ఏ గదికి ఎంత నూనె వెళ్లిందో ఆమెకు తెలుసు. మాయ జరిగిన రాత్రి దీపాల నూనె లెక్క తేడా వస్తుంది, దాన్ని ఏ పద్దు కింద రాయాలో తోచక ఆమెకు టెన్షన్. మాయను అలా ఖర్చులోంచి చూపించాలి.

మాయకు ఒక హద్దు కూడా పెట్టుకోండి. ఇది పాశ్చాత్యుల నుంచి తెచ్చుకోనక్కర్లేదు. పింగళి సూరన కావ్యం కళాపూర్ణోదయంలో రాజు మణిహారం మెడలో పడ్డాకే పసిపాప మధురలాలస పూర్వజన్మ కథ చెబుతుంది. నిండు కొలువులో ఒక్క మణి, దానికి ఒక్క పని. మీ మేక కళ్లకు కూడా ఆ ఒక్క పని ఏమిటో ముందు తేల్చుకుని, తర్వాతే రెండో అధ్యాయానికి వెళ్లండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.