పాత సింథసైజర్ విప్పే ముందు స్టార్టరు డబ్బా చూశారా?

నమస్కారం. నార్కట్‌పల్లి నుంచి ఒక తమ్ముడు ఫోటో పంపాడు. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించిన మేనమామ దగ్గర తెచ్చుకున్న యమహా డీఎక్స్7 సింథసైజర్, అంటే కరెంటుతో రకరకాల శబ్దాలు పుట్టించే కీబోర్డు, 1983లో వచ్చిన మోడల్. "గుయ్ మంటోంది అన్నా, కండెన్సర్లన్నీ మార్చేయనా?" అంటాడు. ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. పాతది అనగానే లోపలున్నవన్నీ పీకేయాలని ఎవరు నేర్పారో!

నల్లగొండ వాళ్లకు ఇది నేను చెప్పాలా? బోరు పోయడం ఆగితే రైతు ఆ నిమిషమే మోటారు పైకి తీయిస్తాడా? ముందు మూడు ఫేజులూ వస్తున్నాయా చూస్తాడు. ఫ్యూజు చూస్తాడు. స్టార్టరు డబ్బా తెరుస్తాడు. అవన్నీ బాగుంటేనే పైపుల జోలికి వెళతాడు.

ఇక్కడ ఫేజు చూడటమంటే వెనకున్న చీటీ చదవడం. జపాన్‌లో కరెంటు 100 ఓల్టులు, మనకు 230. అక్కడి మార్కెట్టు కోసం చేసిన పెట్టెను నేరుగా మన ప్లగ్గులో పెడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నేను మొదట కొన్నది అలాగే కాల్చుకున్నాను. చీటీ చదవకపోవడం పూర్తిగా నా తప్పే.

స్టార్టరు డబ్బా అంటే హెడ్‌ఫోను. నేరుగా సింథసైజర్‌కే తగిలించి వినండి. అందులో గుయ్ లేదంటే తప్పు వైరుదో ఆంప్లిఫైయర్‌దో. పెట్టె విప్పే పనే లేదు.

అందులోనూ వినిపిస్తే అప్పుడు కండెన్సర్ల మీద అనుమానపడదాం. మోటారు కండెన్సర్ చేసే పని వేరు, పేరొక్కటే. దీన్ని బోరు పక్కన కట్టిన తొట్టి అనుకోండి. నీళ్లు తక్కువున్న బోరు గుటకలు గుటకలుగా పోస్తుంది, తొట్టి నిండితే కాలువలోకి ధార సమంగా వెళుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు, దాన్ని ఒకే దిక్కుకు మళ్లించే రెక్టిఫైయర్ దాటాక సెకనుకు 100 గుటకలుగా వస్తుంది. ఏళ్లు గడిచి కండెన్సర్ లోపలి ద్రవం ఎండితే తొట్టి పూడినట్టే. ఆ గుటకలే చెవికి గుయ్‌మని తగులుతాయి. పూడింది తొట్టి అయితే పొలమంతా తవ్వడం ఎందుకు? పవర్ సప్లైలో ఉన్న ఆ నాలుగైదు మారిస్తే చాలు. టంకం పని చేయి తిరిగినవాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. ప్లగ్ తీశాక కూడా వాటిలో కరెంటు నిలిచి ఉంటుంది, మీటరుతో చూడకుండా వేలు పెట్టకండి.

ఇంట్లో చేయకూడనివీ ఉన్నాయి. రోలాండ్ జూనో-106, 1984ది. ఒకేసారి ఆరు నోట్లు పలుకుతుంది, ఆ ఆరు గొంతులకు ఆరు చిప్పులు, వాటి మీద పూసిన జిగురే ఏళ్లు గడిచాక వాటిని చెడగొడుతుంది. ప్రతి ఆరో నోటు బరబరమంటే అదే. ఇది మోటారు వైండింగ్ లాంటిది, చుట్టేవాడి దగ్గరికే పోవాలి. కొత్తగా తయారుచేసిన చిప్పులూ దొరుకుతున్నాయి. కోర్గ్ పాలీసిక్స్‌లో అయితే బ్యాటరీ కారి బోర్డు మీది రాగి గీతలనే తినేస్తుంది. అది బోరే కూలినట్టు. తక్కువకు వస్తోందని కొనకండి, మూత తీయించి చూశాకే బేరం.

సమయం అయిపోతోంది, త్వరగా చెబుతాను. కీలు పలకకపోతే, కింద రబ్బరు కాంటాక్టులున్న మోడల్ అయితే వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. డీఎక్స్7 బ్యాటరీ మార్చే ముందు లోపల దాచుకున్న శబ్దాలను మిడి (వాయిద్యాన్ని కంప్యూటర్‌కు కలిపే పద్ధతి) ద్వారా కంప్యూటర్‌లోకి దించుకోండి, లేకపోతే పోతాయి. అన్నట్టు, మన ఊళ్లలో ఏ కీబోర్డునైనా క్యాసియో అనడం గురించి ఒక వీడియో బాకీ ఉంది.

తమ్ముడూ, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. హెడ్‌ఫోనులో విని, వెనక చీటీ ఫోటో తీసి పంపు.