గర్భస్రావ చట్టం, వారాల లెక్క

శ్రోతలకు నమస్కారం.

మన ఇళ్లలో గర్భం లెక్క నెలల్లో చెప్పుకుంటాం. మూడో నెల నడుస్తోందనో, ఐదు నిండి ఆరు వచ్చిందనో అంటాం. గర్భస్రావ చట్టం దగ్గర ఈ లెక్క చెల్లదు. అక్కడ అన్నీ వారాలే. ఆ వారాలు కూడా ఆఖరుసారి ముట్టయిన మొదటి రోజు నుంచి మొదలవుతాయి. నెల తప్పి వారం గడిచాక కిట్‌తో పరీక్ష చేసుకుంటే, అప్పటికే ఐదు వారాలు అయిపోయినట్టు. ఇంట్లో ‘ఐదు నెలలే కదా’ అనుకునేసరికి 21 వారాలు దాటి ఉంటాయి.

మన దేశంలో ఎంటీపీ చట్టం, అంటే డాక్టరు చేత గర్భం తీయించుకునే చట్టం, 1971లో వచ్చింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అంతకుముందు, తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భం తీయడం నేరం. తీయించుకున్న మనిషికీ శిక్షే. ఆ నేరం ఇప్పటి నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. ఎంటీపీ చట్టం దానికి మినహాయింపు, అంతే. అందుకే ‘నాకు వద్దు’ అంటే చాలదు, డాక్టరు తన అభిప్రాయం రాయాలి. హక్కు అని మనం అంటాం గానీ, చట్టం భాష చూస్తే డాక్టరుకిచ్చిన రక్షణలాగే కనిపిస్తుంది.

2021 సవరణ తర్వాత 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. గర్భనిరోధక సాధనం విఫలమవడం కూడా చెల్లే కారణమే, పెళ్లికాని వారికైనా. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ కొందరికే: అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవారు, విడాకులైనవారు, తీవ్ర వైకల్యం లేదా మానసిక వ్యాధి ఉన్నవారు, పిండంలో లోపం బయటపడినవారు, విపత్తుల్లో చిక్కుకున్నవారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీలనూ ఇందులో చేర్చింది. భర్త బలవంతం చేసినా ఈ చట్టం వరకు అది అత్యాచారమేనని, ఎఫ్ఐఆర్ చూపించమని అడగకూడదని కూడా చెప్పింది.

24 దాటితే, పిండంలో తీవ్రమైన లోపం ఉంటేనే మెడికల్ బోర్డు, అంటే నిపుణులైన డాక్టర్ల బృందం, అనుమతిస్తుంది. దరఖాస్తు అందిన 3 రోజుల్లో అభిప్రాయం చెప్పాలి, 5 రోజుల్లో పని పూర్తవ్వాలి. మిగతావారికి కోర్టే దిక్కు. తల్లి ప్రాణానికి తక్షణ ముప్పుంటే మాత్రం ఏ గడువూ లేదు.

పిండంలో లోపాలున్నాయేమో చూసే టిఫా స్కాన్ గురించి ఇక్కడే చెప్పాలి. అది 18 నుంచి 20 వారాల్లో తీయించుకుంటే, లోపం కనిపించినా మరో పరీక్షకు, రెండో డాక్టరు మాటకు వ్యవధి ఉంటుంది. ‘పండగ వెళ్లాక చూద్దాం’ అని 23వ వారంలో వెళితే ఆ వ్యవధి ఉండదు.

ఇంకో తికమక ఉంది. చట్టంలో ‘ఆర్ఎంపీ’ అంటే రిజిస్టరైన వైద్యుడు, స్త్రీ వైద్యంలో శిక్షణ పొందినవాడు. 12 వారాల లోపు గర్భం తీయడానికి ఆ అర్హత వచ్చే దారుల్లో ఒకటి, 25 కేసుల్లో సాయం చేసి, వాటిలో కనీసం 5 సొంతంగా చేసి ఉండటం. మన ఊళ్లో ఆర్ఎంపీ అని పిలిచేది ఆ మనిషిని కాదు. ఒకే పేరు కావడం మన దురదృష్టం.

సంతకం విషయానికొస్తే, 18 నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు. దాన్ని ఫారం ‘సి’ మీద తీసుకుంటారు. భర్త సంతకం తెమ్మని కొన్ని ఆసుపత్రుల్లో అడుగుతారు, చట్టం అడగదు. మైనరైతే సంరక్షకుల సంతకం కావాలి. అనధికారికంగా పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలు పడొచ్చు.

మాత్రలు 9 వారాల లోపే, డాక్టరు చీటీతోనే. ముందు మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు, ఒకటి రెండు రోజుల తర్వాత మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు. చీటీ లేకుండా మందుల షాపులో కొని వేసుకుంటే అసలు ప్రమాదం ఎక్కడంటే, గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉంటే ఈ మాత్రలు దాన్ని తీయలేవు. రక్తస్రావం అవుతుంది కాబట్టి పనైపోయిందనుకుంటారు, లోపల ట్యూబు పగులుతుంది. కడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం దాని గుర్తులు. గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, జ్వరం తగ్గకపోయినా 108కి ఫోన్ చేయాలి. రక్తహీనత ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. రెండు వారాలకు మళ్లీ చూపించుకోవాలి. పరీక్ష కిట్ మాత్రం కొన్నాళ్లు గర్భం ఉన్నట్టు రెండు గీతలే చూపిస్తుంది, దాన్ని నమ్మి కంగారు పడొద్దు.

2023 అక్టోబరులో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె 26 వారాల గర్భంతో సుప్రీంకోర్టుకు వెళ్లింది. పాలిస్తున్న తల్లి కావడంతో నెలసరి రాలేదు, గర్భమని ఆలస్యంగా తెలిసింది. మొదట అనుమతించిన కోర్టు, చివరికి 16వ తేదీన కాదంది. పిండం బాగానే ఉందని, తల్లి ప్రాణానికి తక్షణ ముప్పు లేదని కారణం చెప్పింది. పాలిచ్చేటప్పుడు గర్భం రాదనే నమ్మకం మూడు షరతుల మీద నిలబడింది: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, తల్లికి ముట్టు మొదలవకూడదు. ఒక్కటి తప్పినా గర్భం రావచ్చు. అనుమానమొస్తే ఆశా కార్యకర్త దగ్గర గర్భ పరీక్ష చేసుకునే నిశ్చయ్ కిట్ ఉంటుంది, అడిగి తీసుకోండి.