స్టీవ్ కీన్ రాజీనామా: బ్లాక్‌బర్న్ అభిమానులు దేనికి ఆనందించారు?

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో ఒక ఫుట్‌బాల్ మేనేజర్ రాజీనామాను, ఆ వార్తను అభిమానులు స్వీకరించిన తీరును సమీక్షించబోతున్నాను. 2012 సెప్టెంబరు 28, శుక్రవారం నాడు ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ రోవర్స్ క్లబ్ మేనేజర్ స్టీవ్ కీన్ పదవి నుంచి తప్పుకున్నారు. దాదాపు రెండేళ్లపాటు ఆయన వెళ్లిపోవాలని నినదించిన జనానికి ఆ సాయంత్రం కోరుకున్నది దక్కింది. అయితే అది దక్కిన పద్ధతి, ఆ తరువాత జరిగిన పరిణామాలు గమనిస్తే, ఆ ఆనందాన్ని అంత తేలికగా అర్థం చేసుకోలేమని నాకు అనిపిస్తుంది.

తెలుగు ప్రేక్షకులకు ఈ కథతో ఒక నిజమైన సంబంధం ఉంది. ఆ క్లబ్ యజమానులు వెంకీస్ సంస్థవారు. భారతదేశపు కోళ్ల పరిశ్రమకు ఆద్యుడిగా పేరుపొందిన బి.వి. రావు గారు 1971లో హైదరాబాద్‌లో చిన్నగా మొదలుపెట్టిన వెంకటేశ్వర హేచరీస్, తరువాత పుణె కేంద్రంగా పెద్ద సంస్థగా ఎదిగింది. మన పత్రికల్లో రోజూ గుడ్ల ధరలు ప్రకటించే నెక్, అంటే నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ, ఏర్పడటానికి ప్రధాన కారకులు కూడా ఆయనే. ఆయన 1996లో మరణించాక సంస్థను నడిపిస్తున్న ఆయన సంతానం 2010 నవంబరులో సుమారు 2.3 కోట్ల పౌండ్లకు బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్నారు. కనుక మన గడ్డ మీద మొదలైన ఒక వ్యాపారానికీ, వేల మైళ్ల దూరంలో ఒక చిన్న పట్టణం పడిన వేదనకూ మధ్య ఉన్న ముడిని మనం శ్రద్ధగా చూడవలసి ఉంది.

ముందుగా ఆ పట్టణం గురించి కొంత చెప్పాలి. బ్లాక్‌బర్న్ లాంకషైర్ ప్రాంతంలోని పాత నేత మిల్లుల పట్టణం. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీజీ, విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల ఉపాధి కోల్పోయిన మిల్లు కార్మికులను కలుసుకున్నది దాని పొరుగునే ఉన్న డార్వెన్‌లో. మిల్లులు పోయినా ఆ పట్టణానికి ఫుట్‌బాల్ క్లబ్ మిగిలింది. 1875లో స్థాపించిన ఆ క్లబ్, 1888లో మొదలైన ఫుట్‌బాల్ లీగ్‌లోనూ, 1992లో మొదలైన ప్రీమియర్ లీగ్‌లోనూ వ్యవస్థాపక సభ్యత్వం ఉన్న మూడు క్లబ్‌లలో ఒకటి. అదే పట్టణంలో పుట్టి ఉక్కు వ్యాపారంలో సంపన్నుడైన జాక్ వాకర్ తన సొమ్మును ధారపోసి, కెన్నీ డాల్గ్లీష్‌ను మేనేజర్‌గా, అలన్ షియరర్‌ను గోల్స్ కొట్టే ఆటగాడిగా తెచ్చి, 1995లో ఆ చిన్న ఊరిని ఇంగ్లండ్ చాంపియన్‌గా నిలబెట్టారు. 2000లో వాకర్ మరణించాక కూడా అభిమానులు ఆయనను ఇంటి పెద్దగానే తలచుకుంటూ వచ్చారు. యజమాని అంటే ఎలా ఉండాలో వాళ్లు కళ్లారా చూశారు. వెంకీస్‌తో వచ్చిన గొడవను అర్థం చేసుకోవాలంటే ఈ విషయం మరచిపోకూడదు.

క్రికెట్ ఎక్కువగా చూసేవారి కోసం ఒక చిన్న వివరణ ఇస్తాను. ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే కేవలం శిక్షకుడు కాదు. తుది జట్టును ఎంచుకునేది, వ్యూహం నిర్ణయించేది, ఆట మధ్యలో ఎవరిని మార్చాలో తేల్చేది, ఆటగాళ్ల కొనుగోళ్లలో మాట చెల్లించుకునేది, ఓడినప్పుడు విలేకరుల ముందు నిలబడేది ఆయనే. పైగా ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచిన జట్టు మరుసటి ఏడాది మళ్లీ అదే టోర్నీలో ఆడుతుంది, కానీ అక్కడ చివరి మూడు స్థానాల్లో నిలిచిన జట్లు కింది డివిజన్‌కు పడిపోతాయి. టీవీ హక్కుల ఆదాయం కుప్పకూలుతుంది, మంచి ఆటగాళ్లు వెళ్లిపోతారు, క్లబ్‌లో పనిచేసే మామూలు ఉద్యోగుల జీవనోపాధి కూడా ప్రమాదంలో పడుతుంది. అందువల్ల అసమర్థుడని తాము నమ్మిన మేనేజర్ మీద అభిమానులు చూపే కోపంలో భయం కూడా కలిసి ఉంటుంది.

ఇక అసలు కథకు వద్దాం. కొత్త యజమానులు వచ్చిన నెల తిరగకుండానే, 2010 డిసెంబరు 13న, అనుభవజ్ఞుడైన మేనేజర్ శామ్ అల్లార్డైస్‌ను తొలగించారు. అప్పటికి జట్టు పట్టికలో 13వ స్థానంలో, ఏ ప్రమాదమూ లేని చోట ఉంది. ఆయన స్థానంలో అప్పటివరకు శిక్షణ బృందంలో ఒకరైన స్టీవ్ కీన్‌ను కూర్చోబెట్టారు. గ్లాస్గోలో పుట్టిన కీన్‌కు అంతకుముందు ఏ పెద్ద క్లబ్‌కూ పూర్తిస్థాయి మేనేజర్‌గా పనిచేసిన అనుభవం లేదు. క్లబ్ కొనుగోలు సమయంలో వెంకీస్‌కు సలహాలిచ్చినవారిలో ఒకరైన జెరోమ్ ఆండర్సన్, కీన్‌కు కూడా ఏజెంటుగా ఉన్నారన్న సంగతి అభిమానులకు మొదటినుంచీ మింగుడు పడలేదు. అది నియమ విరుద్ధమని నేను అనడం లేదు. కానీ ఒక నియామకం మీద నమ్మకం కలగాలంటే దాని వెనుక ఉన్న కారణం కనిపించాలి, బ్లాక్‌బర్న్ జనానికి ఆ కారణం ఎవరూ చెప్పలేదు.

మొదటి సీజన్ చివరి రోజున వుల్వర్‌హాంప్టన్‌లో 3-2తో గెలిచి జట్టు ఎలాగో గట్టెక్కింది. అదే వేసవిలో యువ డిఫెండర్ ఫిల్ జోన్స్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మేశారు. 2011-12 సీజన్ మొదలయ్యేసరికి ఓటములు వరుసకట్టాయి, ఈవుడ్ పార్క్ స్టేడియం బయట ఊరేగింపులు, లోపల ‘కీన్ అవుట్’ నినాదాలు నిత్యకృత్యమయ్యాయి. అభిమానులు చందాలు వేసుకుని, ఆయన వెళ్లిపోవాలని రాసిన బ్యానర్‌ను విమానానికి కట్టి ఎగరవేయించారు. అదే రోజుల్లో, మ్యాచ్‌కు ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో ఆటగాళ్లు చికెన్ తింటున్నట్టుగా యజమానులు తీయించిన ప్రకటన బయటకు వచ్చింది. పట్టికలో దిగజారిపోతున్న జట్టు అభిమానికి ఆ ప్రకటన ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

2011 డిసెంబరు 20న జరిగిన మ్యాచ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దిగువ స్థానాల్లో తమతో పాటే పెనుగులాడుతున్న బోల్టన్ చేతిలో, సొంత మైదానంలో, 2-1తో బ్లాక్‌బర్న్ ఓడిపోయి అట్టడుగుకు చేరింది. గడ్డకట్టే చలిలో వేలమంది తమ సొంత మేనేజర్‌ను ఉద్దేశించి చేసిన ఆ అరుపులు, ఒక మనిషి భరించగలిగే హద్దు దాటిపోయాయి. ఇతర క్లబ్‌ల మేనేజర్లు, మేనేజర్ల సంఘం ఆయనకు అండగా మాట్లాడారు. పత్రికల్లో, టీవీ చర్చల్లో చాలామంది బ్లాక్‌బర్న్ అభిమానులను కర్కశులని తప్పుపట్టారు. సరిగ్గా పదకొండు రోజుల తరువాత, డిసెంబరు 31న, ప్రత్యర్థి మేనేజర్ సర్ అలెక్స్ ఫెర్గూసన్ డెబ్భయ్యవ పుట్టినరోజున, అదే జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌ను వారి సొంత మైదానమైన ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 3-2తో ఓడించింది. యాకూబు రెండు గోల్స్, గ్రాంట్ హాన్లీ విజయపు గోల్ కొట్టారు. కీన్‌ను సమర్థించేవారికి ఆ విజయం పెద్ద ఆధారమైంది.

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. వ్యక్తిగత దూషణను నేను ఏమాత్రం సమర్థించను. ఒక మనిషి తన పని చేస్తున్న చోట అంతటి ద్వేషాన్ని ఎదుర్కోవడం అన్యాయమే. కానీ ఆట విషయంలో అభిమానుల తీర్పు సరైనదని కాలం నిరూపించింది. ప్రతి శనివారం డబ్బు పెట్టి టికెట్టు కొని, నలభై, యాభై ఏళ్లుగా ఆ జట్టును చూస్తూ వచ్చినవారికి, వారానికోసారి ముఖ్యాంశాలు మాత్రమే చూసే వ్యాఖ్యాతల కంటే జట్టు పరిస్థితి బాగా తెలుసు. పైగా క్లబ్ లోపలి వ్యక్తులకు కూడా అదే అనుమానం ఉండేది. ఉప ముఖ్య కార్యనిర్వహణాధికారి పాల్ హంట్, కీన్‌ను మార్చకపోతే క్లబ్ నష్టపోతుందని ఆ డిసెంబరులోనే యజమానులకు లేఖ రాశారు. తరువాతి మే నెలలో ఆ లేఖ బయటపడింది, ఆ రోజుల్లోనే ఆయన ఉద్యోగం పోయింది. హెచ్చరించిన అధికారి ముందు వెళ్లిపోయి, ఎవరి గురించి హెచ్చరించారో ఆయన మిగిలిపోవడం చూసిన అభిమానికి ఇంకెవరితో మొరపెట్టుకోవాలో తెలియలేదు.

2012 మే 7న వీగన్ చేతిలో 1-0తో ఓడి, పదకొండేళ్ల తరువాత బ్లాక్‌బర్న్ ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయింది. ఆ రాత్రి వర్షంలో తడుస్తున్న మైదానంలోకి క్లబ్ జెండా కప్పిన ఒక కోడిని ఎవరో వదిలారు. ప్రపంచమంతా ఆ దృశ్యం చూసి నవ్వుకుంది, కానీ ఆ కోడి మోసుకెళ్లిన సందేశం మేనేజర్‌కు కాక నేరుగా యజమానులకు ఉద్దేశించినదని నేను భావిస్తాను.

సాధారణంగా జట్టు పడిపోతే మేనేజర్‌ను మారుస్తారు. ఇక్కడ కీన్ కొనసాగారు. హడర్స్‌ఫీల్డ్ నుంచి జోర్డాన్ రోడ్స్‌ను భారీ ధరకు తెచ్చారు, జట్టు రెండో అంచె పోటీ అయిన చాంపియన్‌షిప్‌లో పై స్థానాల్లోనే సీజన్ మొదలుపెట్టింది. అదే సమయంలో యజమానులు మలేసియా మాజీ ఆటగాడు, టీవీ వ్యాఖ్యాత షెబీ సింగ్‌ను సలహాదారుగా నియమించారు. వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడితే కీన్‌ను పంపేస్తామని ఆయన అభిమానుల సమావేశంలో బహిరంగంగా చెప్పారు. ఒక క్లబ్ ప్రతినిధి తన మేనేజర్ గురించి అలా మాట్లాడటం మర్యాద కాదని, కీన్‌ను ఇష్టపడనివారు కూడా ఒప్పుకోవాలి. చివరకు చార్ల్‌టన్‌తో మ్యాచ్‌కు ముందు కీన్ తన పదవిలో కొనసాగడం అసాధ్యమైందని, బలవంతంగా రాజీనామా చేయవలసి వచ్చిందని ప్రకటన ఇచ్చి వెళ్లిపోయారు.

ఆ వార్తకు అభిమానుల నుంచి వచ్చిన మొదటి స్పందన ఊరట. రెండేళ్లు ఒకే మాట అరిచి గొంతులు బొంగురుపోయినవారికి, ఆ మాట ఎట్టకేలకు నెరవేరింది. సీజన్ టికెట్లు వదులుకున్నవారిలో కొందరు మళ్లీ మైదానానికి వెళ్లాలని అనుకున్నారు. కానీ ఆనందం పక్కనే ప్రశ్నలు కూడా లేచాయి. జట్టు పడిపోయినప్పుడు పంపని మనిషిని, జట్టు పైన ఉన్నప్పుడు ఎందుకు వెళ్లగొట్టారు? ఆ నిర్ణయాలు తీసుకుంటున్నది ఎవరు? ఇదే పని తొమ్మిది నెలల ముందు చేసి ఉంటే ప్రీమియర్ లీగ్ దక్కేది కాదా? తాము గెలిచామన్న తృప్తి ఆ ప్రశ్నల ముందు నిలవలేదు. మా మాట విని ఆయనను మార్చారు అని చెప్పుకునే అవకాశం కూడా ఆ అభిమానులకు దక్కలేదు, ఎందుకంటే వాళ్ల మాట ఎవరూ వినలేదు.

పోలిక కోసం మాంచెస్టర్ యునైటెడ్‌ను చూడండి. 2014 మార్చిలో అప్పటి మేనేజర్ డేవిడ్ మోయెస్ వెళ్లిపోవాలంటూ ఓల్డ్ ట్రాఫర్డ్ మీదుగా విమానం బ్యానర్ ఎగిరినప్పుడు, స్టేడియంలోని చాలామంది ఆ విమానాన్నే ఎగతాళి చేస్తూ అరిచారు, మోయెస్‌కు చప్పట్లు కొట్టారు. నెల తిరగకముందే ఆయనను తొలగించారన్నది వేరే విషయం. అభిమానులు సహజంగానే క్రూరులు అనే వాదనకు ఆ మధ్యాహ్నమే సమాధానం. క్లబ్ తమ చేతుల్లోనే ఉందన్న ధీమా ఉన్నచోట అభిమానులు ఓపిక పడతారు. బ్లాక్‌బర్న్‌లో ఆ ధీమా పోయింది. యజమానులు పుణెలో ఉన్నారు, పాత అధికారులు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు, ప్రతి వారం కంటికి కనిపించే ఒకే ఒక్క మనిషి మైదానం గీత పక్కన నిలబడిన కీన్.

ఆయన వెళ్లాక ఏం జరిగిందో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1995 చాంపియన్ జట్టులో ఆడిన హెనింగ్ బెర్గ్‌ను అక్టోబరు 31న తెచ్చి, డిసెంబరు 27న, అంటే 57 రోజులకే, తొలగించారు. తరువాత వచ్చిన మైకేల్ ఆపిల్టన్ 67 రోజులు ఉన్నారు. బెర్గ్‌కు చెల్లించవలసిన పరిహారం వ్యవహారం కోర్టుకెక్కి, 22.5 లక్షల పౌండ్లు ఇవ్వాలని తేలింది. మరోవైపు కీన్ ఆసియాకు వచ్చి, సింగపూర్ లీగ్‌లో ఆడే బ్రూనై డీపీఎంఎం జట్టును 2015లో చాంపియన్‌గా నిలిపారు. శిక్షకుడిగా ఆయనకు ఏమీ తెలియదన్న మాట నిజం కాదు. ఆయన సామర్థ్యానికి మించిన కుర్చీలో ఆయనను కూర్చోబెట్టినవారి బాధ్యతే ఎక్కువ.

ఈ సంగతి గ్రహించిన అభిమానులు తమ నినాదం మార్చుకున్నారు. 2016లో ఒక మ్యాచ్‌కు వాళ్లు ఆట మొదలైన 18వ నిమిషంలో లోపలికి వచ్చి, 75వ నిమిషంలో బయటకు వెళ్లారు. క్లబ్ పుట్టిన 1875వ సంవత్సరాన్ని గుర్తుచేసిన ఆ నిరసన ఏ మేనేజర్‌కూ వ్యతిరేకంగా చేసింది కాదు, నేరుగా యాజమాన్యానికి చేసింది. నాకు తెలిసినంతలో ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో ఇంత గౌరవంగా, ఇంత ఆలోచించి చేసిన నిరసనలు అరుదు. అయినా ఫలితం మారలేదు. 2017 మే 7న, వీగన్ చేతిలో ఓడిన ఆ రాత్రికి సరిగ్గా ఐదేళ్లకు, బ్లాక్‌బర్న్ బ్రెంట్‌ఫర్డ్‌పై 3-1తో గెలిచి కూడా గోల్ తేడాలో, అంటే కొట్టిన గోల్స్‌కూ సమర్పించుకున్న గోల్స్‌కూ మధ్య లెక్కలో, వెనుకబడి మూడో అంచెకు పడిపోయింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ అంత కిందికి చేరడం అదే మొదటిసారి. అప్పటికి కీన్ వెళ్లిపోయి నాలుగున్నరేళ్లు దాటింది, యజమానులు మాత్రం మారలేదు.