పాసుబుక్కు లేని రైతు లెక్కలోకి రాడా?

అందరికీ నమస్తే. మన హన్మకొండ సభల్లో మైకు దొరికినవాళ్లు అంత తేలిగ్గా వదలరని పేరుంది, పాసుబుక్కు లేని కౌలు రైతు గురించి రెండు ముక్కలు చెప్పి నేను తొందరగానే ముగిస్తా.

పథకాలు లేవని నేను అనను. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ. కండక్టర్‌కు ఆధార్ చూపిస్తే జీరో టికెట్ చేతిలో పెడతాడు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. మహబూబాబాద్ దిక్కు తండా నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించుకోను వచ్చే అక్క ఛార్జీల కోసం ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదు. అసలు బస్సే రాని తండాల సంగతి ఇంకో సభ పెట్టి మాట్లాడుకోవాలె.

కౌలు రైతు దగ్గరికి వచ్చేసరికి అంతా తలకిందులు. 2018 మేలో హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది, పంటకు ఎకరానికి 4 వేలు, పట్టాదారుకు. 2025 జనవరిలో అది రైతు భరోసా అయింది, ఎకరానికి ఏడాదికి 12 వేలు, మళ్లీ పట్టాదారుకే. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, అకౌంట్ మాత్రం మారలేదు. పరకాలలో పత్తి ఏరేది ఒకరు, హైదరాబాద్‌లో ఉండి డబ్బు తీసుకునేది ఇంకొకరు. రైతుబీమా ఇంకా ఘోరం: పాసుబుక్కు ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో పోయినా ఇంటోళ్లకు 5 లక్షలు వస్తాయి, సొంత గుంట లేక కౌలు చేసి అప్పుల పాలై పోయినాయన భార్యకు ఈ బీమా కింద ఒక్క రూపాయి రాదు. భూమి లేని ఉపాధి కూలీలకు ఆత్మీయ భరోసా పెట్టారు, మంచిదే. మరి అరెకరం సొంతం ఉండి నాలుగెకరాలు కౌలుకు చేసేవాళ్లు అందులోనూ లేరు, వాళ్లకొచ్చేది ఆ అరెకరం పైసలే.

2011లోనే, ఉమ్మడి రాష్ట్రంలో, కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. ఎందుకు నడవలేదంటే భయం. 1950 కౌలుదారీ చట్టం, దాని కింద రక్షిత కౌలుదార్లను భూమికి యజమానులను చేసిన 38-ఇ సర్టిఫికెట్లు, ఇవన్నీ మన ఊళ్ల పట్టాదార్లకు ఇంకా గుర్తే. కాగితం మీద కౌలుదారు పేరెక్కితే భూమి పోతుందని టెన్షన్. అందులో చిన్న పట్టాదార్లూ ఉన్నారు, వాళ్ల భయాన్ని తీసిపారేయలేం. కానీ 2011 కార్డు ఒక్క ఏడాదికే, దాంతో భూమి మీద ఏ హక్కూ రాదు. ఈ ముక్క పట్టాదారుకు చెప్పాల్సింది అధికారులు. వాళ్లు చెప్పడం లేదు కాబట్టి, ఈసారి గ్రామసభలో కార్డు కోసం కాగితం పెట్టండి, రశీదు అడిగి తీసుకోండి, పట్టాదారును కూడా వెంట తీసుకెళ్లండి.