వారంటీ అయిపోతే మన హక్కు కూడా అయిపోతుందా?

"వారంటీ అయిపోయింది, మాకు సంబంధం లేదు" అనే మాట పచ్చి అబద్ధం. మళ్లీ చెప్తున్నా, అబద్ధం!

ఒంగోలు అన్న ఒకాయన తన కారు గురించి పెట్టిన వీడియో చూసే ఉంటారు కదా. సింగరాయకొండ దాటాక హైవే మీదే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పట్టేసింది, వారంటీ అయ్యి నెల కూడా కాలేదు, సర్వీస్ సెంటర్ వాళ్లు లక్షన్నర ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. పైగా "ఎండలకి వేడెక్కింది సార్" అంట! ఏందయ్యా ఇది, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా తాతల నాటి నుంచి అంటూనే ఉన్నాం, షోరూంలో డబ్బులు కట్టించుకునేటప్పుడు ఇక్కడ ఎండ కాస్తుందని తెలియదా మీకు?

వారంటీ కంపెనీ ఇచ్చిన మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన హక్కు వేరు. తయారీలోనే లోపం ఉంటే, అది వారంటీ తర్వాత బయటపడినా సరే వినియోగదారుల కమిషన్‌కి, అంటే వినియోగదారుల కోర్టుకి వెళ్లొచ్చు, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి 2 ఏళ్ల గడువు ఉంది. బ్రేక్ ప్యాడ్ అరిగితే మన ఖర్చే, దాంట్లో గొడవ లేదు. గేర్‌బాక్స్ ఇంత తొందరగా పోయే సామానా?

గట్టిగా అడిగితే "గుడ్‌విల్ కింద సగం మేం పెట్టుకుంటాం" అంటారు చూడండి, అక్కడే దొరికిపోతారు. తప్పు లేనోడు సగం ఎందుకు పెడతాడు? నన్నడిగితే, ఏ పార్టు ఎప్పుడు పోతుందో వాళ్లకి ముందే తెలుసు, వారంటీ గీత దానికి కాస్త ఇవతల గీస్తారు. ఆ సగం ఆఫర్ నోటిమాటగా వద్దు, మెయిల్‌లో పెట్టించుకోండి.

సర్వీస్ సెంటర్ వాళ్లు రిపేరు వివరాలు రాసిచ్చే జాబ్ కార్డులో ఏం పోయిందో, ఎందుకు పోయిందో రాయించండి. పాత పార్టు మాత్రం వాళ్లకి వదలొద్దు! తయారీ లోపమని నిరూపించాల్సింది మనమే, కమిషన్ ల్యాబ్‌కి పంపాలన్నా వస్తువు ఉండాలి కదా, అది స్క్రాప్‌లోకి పోయిందంటే కేసు సగం పోయినట్టే.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, 10 లక్షలు దాటి 20 లక్షల లోపు పెట్టి కొన్న కారుకి ఫీజు 400 రూపాయలే.

కావలి, కందుకూరు, చీమకుర్తి, ఎక్కడైనా సరే, ఇదే గేర్‌బాక్స్ పోయినవాళ్లు జాబ్ కార్డు ఫోటో కామెంట్లో పెట్టండి, పేరు, ఫోన్ నంబరు చెరిపేసి పెట్టండి. ఒకే సమస్య ఉన్నవాళ్లు కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేసే వీలు చట్టంలోనే ఉంది. అన్న ఫిర్యాదు రాయిస్తున్నాడు, మీ కాగితాలు కూడా దాంట్లో పడాలి, ఈ వారమే పెట్టేయండి.